పక్షులనే పుస్తకంగా చదివిన సలీం అలీ

ఈశాన్య ఋతుపవనాల వానలు పడి చెరువులు నిండగానే మన నెల్లూరు తీరానికి అతిథులు వస్తారు. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో నీట మునిగి నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు వాటి పక్కనే కాపురం పెడతాయి. అక్కడికి కొద్ది దూరంలో పులికాట్ సరస్సులో రాజహంసలు మేత మేస్తుంటాయి. ఆ చెరువు కింది రైతులు ఈ పక్షులను ప్రభుత్వం చెప్పకముందే కాపాడుకున్నారు. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలానికి ఎరువుతో సమానమని వారికి అనుభవం మీద తెలుసు. 1976లో నేలపట్టును, పులికాట్‌ను పక్షుల రక్షిత కేంద్రాలుగా ప్రకటించారు. 2001 నుండి సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఉత్సవాలు కూడా మొదలయ్యాయి.

ఉత్సవానికి మన కుటుంబాలు కూడా పిల్లాపాపలతో వెళతాయి. అయితే ఈ దేశంలో పక్షులను చూడటం ఒక విద్య అని, దానికి పద్ధతి, ఓర్పు, లెక్క కావాలని సామాన్య జనానికి నేర్పిన వ్యక్తి ఎవరని అడిగితే మన పిల్లల్లో ఎందరు చెప్పగలరు? ఆయన పేరు సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. ప్రపంచానికి డాక్టర్ సలీం అలీ. ఆయన జీవితం ఒక పిచ్చుకతో మొదలైంది. ఆ పిచ్చుకను చంపింది కూడా ఆయనే.

అనాథ బాలుడు

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో, సులైమానీ బోహ్రా శాఖకు చెందిన ఒక పెద్ద కుటుంబంలో జన్మించారు. తోబుట్టువులందరిలోకి చిన్నవాడు. ఏడాది నిండేసరికి తండ్రి మొయిజుద్దీన్ కన్నుమూశారు. మూడేళ్ళ వయసులో తల్లి జీనతున్నిసా కూడా వెళ్ళిపోయారు. యతీములైన ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్‌జీ, సంతానం లేని ఆయన భార్య హమీదా బేగం ఖేత్‌వాడీలోని తమ ఇంటికి తెచ్చి కన్నబిడ్డల్లా పెంచారు. జాతీయోద్యమంలో పేరు పొందిన అబ్బాస్ తయ్యబ్‌జీ కూడా వారికి దగ్గరి బంధువే.

అమీరుద్దీన్ గారికి వేట అంటే మక్కువ. మేనల్లుడికి ఒక చిన్న గాలితుపాకీ కొనిచ్చారు. కుర్రవాడికి అదే లోకం. ఇంటి చుట్టూ తిరిగే పిచ్చుకలను కొట్టడం, హలాల్ చేయడం, వంటింట్లో వేయించుకుని తినడం అతని ఆట. అతనికి పదీ పన్నెండేళ్ళ మధ్య ఉండగా ఒక రోజు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది, కూర మరక అంటినట్టుగా. చూడటానికి ఊరపిచ్చుక లాగే ఉంది, కాని ఊరపిచ్చుక కాదు. ఇది ఏ పక్షి? దీన్ని తినవచ్చునా, కూడదా? పిల్లవాడికి సందేహం వచ్చింది. చేతిలోని పిచ్చుకను తీసుకుని మామయ్య దగ్గరకు పరుగెత్తాడు.

పాఠకులు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. అది పిచ్చుకే కదా, తిను అని మామయ్య అనవచ్చు. పిల్లవాడివి, నీకెందుకు అని కసరనూ వచ్చు. మన ఇళ్ళలో తరచుగా జరిగేది అదే. అమీరుద్దీన్ గారు అలా చేయలేదు. తనకు తెలియదని ఒప్పుకున్నారు. తెలిసినవారి దగ్గరకు పంపారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యు. ఎస్. మిల్లార్డ్ పేర ఒక చీటీ రాసిచ్చారు.

మిల్లార్డ్ తెల్లదొర. అది తెల్లవారి రాజ్యం. కుర్రవాడు బెదురుతూనే ఆ గడప తొక్కాడు. మిల్లార్డ్ అతణ్ణి ఆదరించి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పాడు. అంతటితో పంపించివేయకుండా బీరువాల సొరుగులు ఒక్కొక్కటే లాగి, దేశం నలుమూలల నుండి సేకరించి భద్రపరచిన వందలాది పక్షులను చూపించాడు. చదువుకోమని పుస్తకాలు ఇచ్చాడు. ఇన్ని రకాల పక్షులు ఉన్నాయని అంతవరకు ఆ బాలునికి తెలియదు. ఆ సొరుగుల ముందే అతని జీవితం మలుపు తిరిగింది. తెలియని సంగతి తెలియదని ఒప్పుకున్న ఒక మేనమామ, తలుపు తెరిచిన ఒక పరాయివాడు, ఈ ఇద్దరూ కలిసి ఒక శాస్త్రవేత్తను తయారు చేశారు.

పట్టా లేని పండితుడు

సలీం అలీ చదువులో మెరిసిన విద్యార్థి కాదు. తలనొప్పులతో బడి మానవలసి వచ్చి, పొడి గాలి కోసం కొంతకాలం సింధ్‌లోని బంధువుల ఇంట ఉన్నారు. 1913లో అతి కష్టం మీద మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్ కాలేజీలో చేరి, మొదటి ఏడాదిలోనే లెక్కలకు భయపడి విడిచిపెట్టారు. కుటుంబానికి బర్మాలోని తవాయ్‌లో గనులు, కలప వ్యాపారం ఉంటే అవి చూసుకోవడానికి వెళ్ళారు. వ్యాపారం సాగలేదు గాని బర్మా అడవులు ఆయనకు మరో బడి అయ్యాయి.

1917లో తిరిగి వచ్చి వాణిజ్య చట్టం, లెక్కల పద్దులు నేర్చుకుంటూనే సెయింట్ జేవియర్‌లో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివారు. 1918 డిసెంబరులో తెహ్మీనా బేగంతో నికాహ్ జరిగింది. మళ్ళీ బర్మా, మళ్ళీ నష్టాలు. జువలాజికల్ సర్వేలో పక్షిశాస్త్రవేత్త ఉద్యోగానికి ప్రయత్నిస్తే విశ్వవిద్యాలయ పట్టా లేదని ఇవ్వలేదు. 1926లో బొంబాయిలోని అప్పటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకుని పని దొరికింది. రెండేళ్ళకు సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్ మ్యూజియంలో ఆచార్య ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద శిష్యరికం చేశారు. స్ట్రెసెమాన్‌ను ఆయన జీవితాంతం తన గురువుగా తలచుకున్నారు.

1930లో స్వదేశం చేరేసరికి ఆయన ఉద్యోగం లేదు. నిధుల కొరత వల్ల ఆ పదవినే ఎత్తివేశారు. ముప్పయి మూడేళ్ళ వయసు, పట్టా లేదు, జీతం లేదు, ఇంట్లో భార్య. అలాంటి సమయంలో చాలామంది తాము నేర్చిన విద్యను శపించుకుంటారు. సలీం అలీ దంపతులు బొంబాయికి సముద్రం అవతల కిహీం అనే పల్లెలో బంధువుల చిన్న ఇంట్లోకి మారారు. ఆ ఇంటి దగ్గరలోనే ఒక చెట్టు మీద గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతున్నాయి. ఉద్యోగం లేని ఆ మనిషి నెలల తరబడి ఆ గూళ్ళ ఎదుట కూర్చున్నారు.

మన పొలం గట్ల మీది ఈత చెట్లకు, తుమ్మ కొమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్ళు మనందరికీ తెలిసినవే. మగపక్షి గూడు సగం అల్లి ఆపుతుందని, ఆడపక్షి వచ్చి లోపలికి బయటికి తిరిగి పరీక్షించి నచ్చితేనే ఉంటుందని, అప్పుడే మగపక్షి దాన్ని పూర్తిచేస్తుందని, ఆడది గుడ్లు పెట్టగానే మగది ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షిని పిలుస్తుందని ఆయన గమనించి రాశారు. శతాబ్దాలుగా మన కళ్ళ ముందే ఉన్న పిట్ట సంసారం అప్పటివరకు ఎవరికీ సరిగ్గా తెలియదు. 1931లో అచ్చయిన ఆ వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది.

తెలుగు అడవుల్లో

అదే సమయంలో ఆయనకు ఒక ఉపాయం తోచింది. దేశంలోని సంస్థానాల్లో ఏ పక్షులు ఎక్కడ ఉన్నాయో క్రమంగా ఎవరూ లెక్క రాయలేదు. ఆ పని తాను జీతం లేకుండా చేస్తానని, ప్రయాణానికి, డేరాలకు అయ్యే ఖర్చు ఇస్తే చాలునని చెప్పారు. ఆ మాటకు ముందుగా ఒప్పుకున్న వాటిలో హైదరాబాద్ నిజాం ప్రభుత్వం ఒకటి. 1931-32లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగారు. నల్లమల కొండల్లో అమ్రాబాద్ పీఠభూమి, ఫరహాబాద్ అడవులు ఆయన నడిచిన చోట్లే. ఎడ్లబండ్లు, డేరాలు, దోమలు, చలిజ్వరాల భయం. తెహ్మీనా బేగం పట్నపు సుఖాలు విడిచి ఆ డేరాల్లోనే భర్త వెంట ఉన్నారు. ఆ సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో 1933, 34 సంవత్సరాల్లో వెలువడ్డాయి. తెలుగు నేల పక్షుల గురించి ఇప్పుడు ఎవరు పని చేసినా ఆ కాగితాలు తిరగవేయక తప్పదు.

ఆ తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, భోపాల్, గ్వాలియర్, ఇండోర్, మైసూరు. దాదాపు ఇరవై ఏళ్ళు ఆయన ఇల్లు డేరాయే. మధ్యలో 1939లో పిడుగు పడింది. ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత తెహ్మీనా బేగం కన్నుమూశారు. పిల్లలు లేరు. ఇరవై ఏళ్ళకు పైగా తోడున్న మనిషి లేదు. సలీం అలీ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అక్క కమ్మూ, బావ హస్సం అలీ ఆయనను తమ ఇంట్లో ఉంచుకున్నారు. బాల్యంలో మేనమామ, నడివయసులో తోబుట్టువు. బంధుత్వాన్ని నిలుపుకోవడం అంటే ఏమిటో ఈ కుటుంబాన్ని చూసి నేర్చుకోవాలి. వారు లేకపోతే ఆ పుస్తకాలు ఉండేవి కావు.

1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం వెలువడింది. బొమ్మలతో, సులువైన మాటలతో, పండితులకు కాక మామూలు మనుషులకు రాసిన పుస్తకం అది. ఈ దేశంలో ఎన్నో వేలమందికి పక్షులను పరిచయం చేసింది అదే. 1945లో ఆయన కచ్ ఎడారి ఉప్పునేలలో రాజహంసలు గూళ్ళు కట్టే చోటికి వెళ్ళి, అక్కడ సుమారు ఐదు లక్షల పక్షులు ఉంటాయని అంచనా కట్టారు. మన పులికాట్‌లో వాలే రాజహంసల జాతి సంతానాన్ని కనేది అలాంటి మారుమూల ఉప్పునేలల్లోనే. ఒక చోట నీరు ఎండినా, నేల ఆక్రమణకు గురైనా ఇంకో చోట పక్షి రాకుండా పోతుంది.

దేశవిభజనతో తెల్లవారు వెళ్ళిపోగా సొసైటీ మూతపడే స్థితికి వచ్చింది. బంధువుల్లో కొందరు పాకిస్తాన్ వెళ్ళారు. సలీం అలీ ఇక్కడే ఉన్నారు. ప్రధాని నెహ్రూకు రాసి సహాయం సంపాదించి సంస్థను నిలబెట్టారు. భరత్‌పూర్ చిత్తడి నేల ఒకప్పుడు రాజుల వేటభూమి. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షులను కొట్టినట్టు అక్కడి రాతి మీద చెక్కి ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నేలను సాగుకు ఇవ్వాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు దాన్ని కాపాడినవారిలో సలీం అలీ ముఖ్యులు. 1985లో అది ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవి ఆనకట్ట కింద మునగకుండా జరిగిన పోరాటంలోనూ ఆయన గొంతు వినిపించింది.

కలివికోడి కథ

ఆయన జీవితపు చివరి అంకంలో మన నెల్లూరుకు కూడా చోటుంది. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి. సి. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు యానాదులతో స్నేహం చేసి, తూర్పు కనుమల జీవుల సంగతులు వారి నుండి తెలుసుకున్నాడు. తరువాత రాసిన పుస్తకాల్లో పక్షుల తెలుగు పేర్లు కూడా చేర్చాడు. నెల్లూరు, కడప సీమల పొదల్లో రాత్రిపూట తిరిగే, రొమ్ము మీద రెండు పట్టీలున్న ఒక పక్షిని అతడే మొదట లోకానికి తెలిపాడు. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి మనవారికి అది కలివికోడి. శాస్త్రలోకానికి అది జెర్డాన్స్ కోర్సర్. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనబడి, ఆ తరువాత మాయమైంది. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు.

సలీం అలీ ఆశ వదులుకోలేదు. ఆయన సొసైటీ వెతుకులాట సాగించింది. 1986 జనవరిలో భరత్ భూషణ్ అనే యువ శాస్త్రవేత్త ఒక స్థానిక వేటగాడి సహాయంతో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర కలివికోడిని మళ్ళీ కనుగొన్నాడు. ఎనభై ఆరేళ్ళ తరువాత! పెద్ద పెద్ద పండితులకు దొరకనిది ఊరి వేటగాడికి తెలుసు. అడిగేవారు లేకపోబట్టి అతడు చెప్పలేదు. ఆ వార్త వినేనాటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్ళు. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా వస్తే పక్షి కోసం కాలువ దారి మార్చవలసి వచ్చింది. ఈనాటికీ అది అత్యంత అరుదైన పక్షుల్లో ఒకటి.

దాచకూడని సంగతులు

గొప్పవారి చరిత్ర రాసేటప్పుడు వారిలో మనకు నచ్చినవి మాత్రమే ఏరి రాయడం న్యాయం కాదు. సలీం అలీ పక్షులను ప్రేమించారు గాని, మ్యూజియంలో భద్రపరిచేందుకు జీవితమంతా పక్షులను కాల్చారు కూడా. చేతిలో పట్టి కొలిస్తేనే జాతుల తేడాలు తెలిసే కాలం అది. సరదాకు చంపడాన్ని ఆయన ఖండించారు, శాస్త్రానికి అవసరమని నమ్మినదాన్ని దాచలేదు. నేడు కెమెరాలు, దుర్భిణులు, కాలికి తొడిగే ఉంగరాలు ఉన్నాయి. ఆ అవసరం చాలావరకు తీరింది.

రెండవది మనసుకు ఇంకా దగ్గరిది. పెద్దయ్యాక ఆయన నమాజుకు దూరమయ్యారు. చిన్నతనంలో అర్థం చెప్పకుండా ఆయతులు వల్లె వేయించారని, పైకి భక్తి చూపి నడవడిలో అది లేని పెద్దలను చూసి మనసు విరిగిందని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. ఇది చదివి ఆయనను తప్పుపట్టడం తేలిక. కాని బోధించే వృత్తిలో ఉన్నవారికి ఇది ముందుగా తమ మీద వచ్చిన ఫిర్యాదు. పిచ్చుక హలాలా అని సందేహం వస్తే అన్నం మానుకుని పరుగెత్తిన పిల్లవాడు అతను. ఆ పిల్లవాడి రెండో ప్రశ్నకు, మూడో ప్రశ్నకు జవాబు చెప్పే మిల్లార్డ్ లాంటి మనిషి మన వైపు దొరకలేదు. పక్షిశాస్త్రం వారు బీరువా సొరుగులన్నీ తెరిచి చూపారు. మనం మాత్రం కంఠస్థం చేయమని చెప్పి ఊరుకున్నాం. ఖుర్ఆన్‌లో సులైమాన్ ప్రవక్త అలైహిస్సలాం హుద్‌హుద్ పక్షి ఉంది, ఆదం కుమారునికి ఖననం నేర్పిన కాకి ఉంది. హుద్‌హుద్ అంటే మన పొలాల్లో తల మీద కిరీటం విప్పుకుని తిరిగే కూకుడుగువ్వే అని ఎంతమంది పిల్లలకు వేలు పెట్టి చూపించాం?

చివరి రోజులు

డెబ్బై దాటాక ఆయన తన అన్నింటికన్నా పెద్ద పని పూర్తిచేశారు. అమెరికన్ శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి భారత, పాకిస్తాన్ పక్షుల మీద రాసిన పది సంపుటాల గ్రంథం 1968 నుండి 1974 వరకు వెలువడింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. అదే కాలంలో పాల్ గెట్టీ ప్రకృతి పరిరక్షణ బహుమతి కింద 50,000 డాలర్లు వస్తే ఆ సొమ్ము సొసైటీకే ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడు ఆత్మకథ వెలువడింది. దాని పేరులో కూడా ఆ పిచ్చుకే ఉంది. 1987లో, తొంభై ఏళ్ళ వయసులో ఆయన మరణించారు. 1990లో కోయంబత్తూరులో ఆయన పేర జాతీయ పక్షిశాస్త్ర పరిశోధన కేంద్రం ఏర్పడింది.

సోదర సోదరీమణులారా! ఈ శీతాకాలంలో ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు తరువాత పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరండి. నేలపట్టు దూరమైతే ఊరి చెరువు గట్టు చాలు. కొండ ఎక్కగలవారు ఉదయగిరికి వెళ్ళండి. దారి పొడవునా చెట్లు, పైన పాత మసీదులు, పిట్టల కూతలు ఉంటాయి. మాటలు తగ్గించి మెల్లగా నడవండి. చిన్న నోటు పుస్తకంలో తేదీ, స్థలం, ఏ పక్షి, ఎన్ని, ఏం చేస్తున్నాయి అని రాయించండి. సలీం అలీ జీవితమంతా చేసింది ఇదే. పిల్లవాడి చేతిలో ఉండేలు ఉంటే లాక్కుని విసిరేయకండి. ముందు అతను ఏ పక్షికి గురిపెట్టాడో అడగండి. పేరు తెలియదంటే మీకూ తెలియదని ఒప్పుకోండి. ఇద్దరూ కలిసి తెలిసినవారి దగ్గరకు వెళ్ళండి. తెలిసినవాడు యానాది కావచ్చు, జాలరి కావచ్చు, బడిపంతులు కావచ్చు. పిల్లవాడు చేతిలో చచ్చిన పిచ్చుకతో మన గుమ్మంలో నిలబడిన రోజున మనం ఏ జవాబు చెబుతామన్న దాని మీదే వాడు ఏమవుతాడన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది.